పిండెద్దు

బెల్లంపల్లిలో ఆ రోజుల్లో కేకు పేరు తెలిసిన ఇళ్లే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంటి పొయ్యి మీద దాన్ని చేయగలిగిన మనిషి ఒక్కతే, గంగుబాయి. పెళ్లికి ముందు ఓ దొర బంగళాలో ఆయాగా ఉన్నప్పుడు దొరసాని దగ్గర నేర్చుకున్నది. పెద్ద డేగిశాలో ఇసుక కాగబెట్టి, అందులో పిండి గిన్నె దించి, మూత మీద నిప్పులు పేర్చేది. బొగ్గుకేం కరువు, ఊరే బొగ్గు మీద ఉన్నది!

1962 ఎండాకాలంలో ఆమె పెనిమిటి జ్వరంతో పోయాడు. గని క్వార్టరు దసరాకల్లా ఖాళీ చేయాలి. కొత్త గెస్ట్‌హౌసుకు వంటమనిషి కావాలనీ, పనితో పాటు ఉండటానికి గది కూడా ఇస్తారనీ అప్పుడే తెలిసింది. మేనేజరు భార్య ఆమెను పిలిపించి, బాబు పుట్టినరోజుకు బొమ్మలాంటి కేకు చెయ్యమన్నది. నచ్చితే పని ఆమెదే.

గంగుబాయి నేరుగా వెళ్లి పక్కింటి బాలలక్ష్మికి చెప్పింది. చెప్పకుండా ఎట్లా ఉంటుంది? పదేళ్ల పొత్తు. బాలలక్ష్మి రెండు కాన్పులకూ పురుడు పోసింది గంగుబాయే. ఏ బొమ్మ చేయాలో తోచక కూర్చుంటే బాలలక్ష్మే దారి చూపింది.

"ఎద్దును చెయ్యక్కా. ఎడ్లకు మొక్కే పొలాల పండుగ మొన్ననే పాయె. పిల్లగానికి ఎడ్లంటే పాణం."

"ఎద్దును కత్తితోని కోస్తరా?"

"పండుగ మట్టెద్దును వాగుల కలుపుతలేమా? గిది పిండి. నువ్వేం ఫికర్ చెయ్యకు."

రెండు రోజులు పట్టింది. మూడు కేకులను చెక్కి అతికించి, కోవాతో మూపురం, గంగడోలు తీర్చి, ముదురుపాకంతో కొమ్ములు నిలబెట్టింది. నిప్పులు ఎగదోస్తూ బాలలక్ష్మి పక్కనే ఉన్నది. పళ్లెం చెరోవైపు పట్టుకుని ఇద్దరే మోసుకుపోయారు.

బంగళాలో ఎద్దును చూసి అందరూ నోళ్లు తెరిచారు. బాబు చేతిలో కత్తి సరిగ్గా మెడ మీదికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నుంచి మాట వినిపించింది.

"ఎద్దు మెడ కోయిస్తరా అమ్మా? నేను మొదటిసందే వద్దన్న. గీమె ఇనలే."

అన్నది బాలలక్ష్మి. గుమస్తాల భార్యలు లేచి నిలబడ్డారు, పాపం పాపం అన్నారు. మేనేజరు భార్య ముఖం మాడిపోయింది. ఆ భయం మొదట తనదేనని గంగుబాయి చెప్పినా నమ్మేదెవరు? ఎద్దు మెడకు గాటైనా పడలేదు గానీ, నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆమెకు ఆ రోజు తెలిసింది. ఆ ఎద్దును ఇంటికి తిరిగి తెచ్చుకున్నాక, కోయడానికి తనకూ చేతులు రాలేదు. తీసుకుపోయి వాగులో కలిపింది.

వారం తిరగకముందే వంటపని బాలలక్ష్మికి వచ్చింది. దసరాకు ముందు గంగుబాయి కాగజ్‌నగర్‌లోని అన్న ఇంటికి పోవడానికి మూట కట్టుకుంటుంటే, బాలలక్ష్మి వచ్చి గడపలో నిలబడ్డది. ఆ డేగిశాతో నీకింక ఏం పనక్కా, నాకియ్యరాదా అన్నది. సిగ్గు లేకపోతే సరి!

"తీస్కపో," అన్నది గంగుబాయి. "ఒక్క మాట నాతోని అంటే, గా పని ఇద్దరం కలిసి చేసుకుందుము."

బాలలక్ష్మి వంగి డేగిశాను లేపబోయింది. నిండా ఇసుక, కదల్లేదు. రెండోవైపు పట్టడానికి గంగుబాయి లేవలేదు.