దండ పడ్డ ఫోటో, ఖాళీ గడి

ఆ రోజుల్లో ఖాళీ గడి కనిపిస్తే నా చెయ్యి ఊరుకునేది కాదు. వ్యవసాయ పదాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడు మేడం ఒక షరతు పెట్టారు. నేను వాడుకున్న ప్రతి పుస్తకానికీ ఆన్‌లైన్ ఓపెన్ లైబ్రరీలో పేజీ ఉండాలి, వివరాలు అక్కడి నుంచే పట్టికలోకి రావాలి, ఒక్క తప్పున్నా సంతకం పెట్టరు. అన్నీ దొరికాయి, జఫర్‌గఢ్ తెలుగు సారు సొంతంగా అచ్చు వేయించుకున్న నాగలి మాటల పుస్తకం తప్ప. ఆ సైట్లో ఎవరైనా పేజీ పెట్టొచ్చు కదా అని నేనే మొదలుపెట్టాను. పేరు, పుట్టిన సంవత్సరం అట్ట వెనక ఉన్నాయి. తర్వాతి గడి, మరణించిన సంవత్సరం. సారు పనిచేసిన బడిలో ఆయన ఫోటో చూసి ఉన్నాను, దానికి దండ, కింద ఒక సంవత్సరం. మా దిక్కు దండ పడ్డ ఫోటో చూశాక ఇంక అడగడానికేముంటుంది? ఆ సంవత్సరమే వేసి, ఓ నమస్కారం పెట్టి (కంప్యూటరుకే) సేవ్ కొట్టాను.

మేడం పట్టికలో పోయిన సంవత్సరం చూసి, "పాపం, ఇంటోళ్లను కలిసి రా. ఇంకేమన్న రాసిపెట్టిండేమో అడుగు" అన్నారు. అరటిపండ్లు, ఏడుపు మొహం పట్టుకుని జఫర్‌గఢ్ పోయాను. అరుగు మీద ఒక ముసలాయన పల్లికాయ ఒలుస్తున్నాడు.

"బాపూ, సచ్చిపోయిన తెలుగు సారు ఇల్లు ఇదేనా?"

"నేనే సారును. నీకెవలు చెప్పిన్రు?"

బడిలో చూసిన దండ ఫోటో సంగతి చెప్పాను.

"అరె, గది రిటైరైననాటి సన్మానం ఫోటో! పూల దండ ఎండిపోతే పిల్లలు ప్లాస్టిక్‌ది ఏసిన్రు."

సైట్లో ఆయన పోయినట్టు రాసేసిన సంగతి కూడా ఒప్పుకున్నాను. ఇప్పుడే తీసేస్తానని ఫోన్‌లో పేజీ తెరిచాను. సారు ఫోన్ లాక్కుని చూశారు. కింద, ఈ పుస్తకం చదవాలనుకునేవాళ్లు ముగ్గురని ఉంది.

"జర ఆగు బిడ్డా. బతికుండంగ ఒక్కడు సుత అడుగలే. సచ్చినంక ముగ్గురైన్రు. గట్లనే ఉండనీ."

"మేడం సంతకం పెట్టదు సార్!" అని కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి, "సరే, బతికియ్యి" అని ఒక అరటిపండు తీసుకున్నారు. (ఆ ముగ్గురూ నేను, నా రూమ్మేటు, మేడం. ఆ ముక్క సారుకు చెప్పలేదు.)

ఇప్పుడు మహబూబాబాద్‌లో ఒక కాలేజీ లైబ్రేరియన్‌ని. వివరాలు సరిగ్గా నింపమని పిల్లల మీద రోజూ అరుస్తుంటాను. సారు పోయినేడు నిజంగానే పోయారు. అప్పటినుంచి ఆ పేజీ తెరవడం, ఖాళీగా ఉన్న ఆ గడి దగ్గర వేలు పెట్టడం, నింపకుండానే మూసేయడం. తప్పే, నాకు తెలుసు. చదవాలనుకునేవాళ్లు ఇప్పుడు పదకొండు మంది, అందులో ఎనిమిది మంది ఎవరో నాకు తెలియనే తెలియదు. ఆ సంగతి సారుకు చెప్పాలని ఉంది.