గీరి చూడకుండానే

గుండెపోటు వచ్చిన మూడు వారాలకు, నా గుండె గోడలో ఒక పక్క కదలడం లేదన్నారు గుంటూరులో డాక్టరుగారు. చచ్చిందన్నమాటే కదా అనుకున్నాను. ఆ విసుగులోనే ట్రాక్టరున్న మా బావమరిదికి ఫోన్ చేసి, వాననీళ్లు నిలిచి వాడిపోయిన అరెకరం మిరపతోటను దున్నేయమన్నాను.

మర్నాడు గుండెకు ఎకో స్కాన్ తీసే గదిలో నా భార్య ఊరుకోలేదు. "మిరపమొక్క ఎండినట్టున్నా మేం కాండాన్ని గోటితో గీరి చూస్తామండి. లోపల పచ్చి లేకపోతేనే పీకుతాం. ఈయన గుండెను అట్లా చూశారా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది.

డాక్టరుగారు నవ్వలేదు. "ఇప్పుడు చేసేది అదేనమ్మా," అన్నారు.

నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జెల్ రాసి, నరంలోకి మందు కొద్దికొద్దిగా ఎక్కించారు. గుండె వేగం పెరిగింది. అప్పటిదాకా తెర మీద మొండికేసి ఉన్న ఆ పక్క, మెల్లగా లోపలికి కదిలింది.

"రక్తం చాలక పని మానేసింది గానీ బతికే ఉంది. మూసుకున్న రక్తనాళం తెరిస్తే కోలుకోవచ్చు," అన్నారాయన.

జెల్ తుడుచుకోకుండానే ఫోన్ అందుకున్నాను.

"ఒరేయ్, ట్రాక్టరు ఆపు. మీ అక్క వచ్చి గీరి చూస్తుంది."