బావకు వచ్చిన వరం

మొన్న గురువారం నాచారంలో మా ప్రార్థన కూటానికి వచ్చినవి: అద్దె ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గిటారు, మరియమాత స్వరూపం ముందు కొవ్వొత్తి, నేనే బాగుచేసి తెచ్చిన ఆంప్లిఫయర్, వేడి సమోసాల పొట్లం. వచ్చినవారు: అక్క, బావ, కాలనీవాళ్లు, అందరి వెనక మైకు వైరు పట్టుకుని నేను. పాట అయ్యాక బావ చేతులెత్తి, కళ్లు మూసుకుని, పవిత్రాత్మ ఇచ్చే వరమని మావాళ్లు నమ్మే, ఏ భాషకూ చెందని మాటలతో దేవుణ్ణి స్తుతించడం మొదలుపెట్టాడు. నా కడుపులో పాత మంట మళ్లీ లేచింది.

బావ మంచివాడే. జనగామ వైపు నుంచి వచ్చి చర్లపల్లిలో లేత్ మెషిన్ మీద పనిచేసేవాడు. పెళ్లికి ముందు జ్ఞానస్నానం తీసుకున్నాడు. నేనేమో తాతల నాటి కథోలికుణ్ణి. ఉపదేశం తరగతిలో పవిత్రాత్మ వరాలు ఏడూ వరుస తప్పకుండా చెప్పి బహుమతి తెచ్చుకున్నవాణ్ణి. పవిత్రాత్మ మా మీదికి దిగిరావాలని, అంటే ఆత్మాభిషేకం కోసం, పెట్టిన ధ్యానకూటానికి ఇద్దరం కలిసే వెళ్లాం. ఫాదర్‌గారు తల మీద చేతులుంచగానే బావ వెక్కివెక్కి ఏడ్చాడు. నా తల మీద ఉంచినప్పుడు నాకు సీలింగు ఫ్యాను బేరింగు శబ్దం వినబడింది. గ్రీజు పెట్టించాలి అనుకున్నాను. అప్పట్నుంచీ ఉప్పల్‌లో మావాళ్లు ఎవరింట్లో జ్వరమొచ్చినా బావకే కబురు. "మీ బావ లేడా తమ్మీ?" అని గుమ్మంలోనే అడిగేవారు. లేడంటే వెళ్లిపోయేవారు. నాకూ ప్రార్థన వచ్చునని వాళ్లకెవరైనా చెబితే బాగుండేది.

అమ్మకు గుండె ఆపరేషన్ జరిగే రోజు మాత్రం నా వంతే అనుకున్నాను. ఒక్కగానొక్క కొడుకుని. స్ట్రెచర్ కదిలే ముందు అమ్మ నన్ను దాటి నా వెనక్కి చూసింది.

"అల్లుడా, జర నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన జెయ్యి. భయమైతుంది."

బావ రెండు చేతులూ పెట్టాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పక్కన వార్డుబాయ్ తొందరపెడుతున్నాడు. బావ నా చెవి దగ్గరికి వంగాడు.

"బామ్మర్దీ, ఏం యాదికొస్తలేదు. పరలోక జపం నువ్వు షురూ జెయ్యి, నీ ఎనక నేనొస్త."

"గిప్పుడేడున్నడు నీ పవిత్రాత్మ?" అన్నాను, మెల్లగానే.

"గాయనే నిన్ను పిలువమంటున్నడు," అని నా మణికట్టు పట్టుకుని నా చెయ్యి అమ్మ తల మీద పెట్టాడు.

చిన్నప్పుడు నేర్చుకున్న వరుసలోనే, ఒక్క పదం తప్పకుండా జపం చెప్పాను. బావ మళ్లీ తన రెండు చేతులూ పెట్టి నా వెనకే చెప్పాడు. పైనుంచి ఏదో దిగినట్టు నాకేమీ అనిపించలేదు. ఆకుపచ్చ టోపీ కింద అమ్మ తల వెచ్చగా ఉంది, అంతే. అమ్మ కళ్లు మూసుకుంది.

అమ్మ బాగానే తిరిగొచ్చింది. ఇప్పటికీ చుట్టాలొస్తే, "మా అల్లుడి ప్రార్థనే నన్ను బతికించింది," అంటుంది. సరిదిద్దబోయి ప్రతిసారీ ఊరుకుంటాను. రోజులు గడిచేకొద్దీ జ్ఞాపకంలోంచి ఒక్కొక్కటీ రాలిపోతుంది కాబోలు. అమ్మ జ్ఞాపకంలోంచి రాలింది నా చెయ్యి. ఆ రోజు ఆమె తల మీద ఉన్నవి మూడు చేతులు.