చుక్కల దగ్గర ఆగిన ముగ్గు

2009లో అనుకుంటా, నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే ట్రైన్‌లో నా పక్కన కూర్చున్న మెక్సికన్ ఆర్టిస్ట్ ఒకావిడ, చిన్న కత్తెరతో రంగు కాగితంలో పువ్వులూ పిట్టలూ కత్తిరిస్తోంది.

"మా అమ్మమ్మ నేర్పింది. వీటిని రేపటి నుంచి మ్యూజియంలో పెడుతున్నారు. నా పేరు పక్కన ఆవిడ పేరు కూడా ఉంటుంది," అంది.

నాకు కడుపు మండింది.

"మా అమ్మమ్మ కూడా ముగ్గులు వేసేది," అన్నాను, పోటీకి దిగినట్టు. ముగ్గంటే ఏమిటో చెప్పాను.

"ఏదీ, ఒకటి వెయ్యండి!" అంటూ కాగితం, పెన్సిల్ ఇచ్చింది.

చుక్కలు చకచకా పెట్టేశాను. వాటిని ఎలా కలపాలో మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు. మా ఇంటి గుమ్మం ముందు ఉండేది ముగ్గు స్టిక్కరే మరి.

"ఎంత బాగున్నాయో!" అని ఆమె ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తన బ్యాగ్‌లో పెట్టుకుంది.

ఆ చుక్కలైనా నాకు వదిలేయాల్సింది.