జగ్గమ్మ రుబ్బురోలు

బొబ్బిలి బజారు వెనక వీధిలో ఏది రుబ్బాలన్నా ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని జగ్గమ్మ పెరట్లోకే వచ్చేవారు. ఒక కాలు మడిచి, ఒకటి చాపి, కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడంచేత్తో పప్పు తోస్తూ ఆమె వీధి కబుర్లన్నీ వినేది. ఎవరి పప్పు సరిగ్గా నానలేదో మొహం మీదే చెప్పేది. పక్కింటి కమలాదేవికి భర్త కలకత్తా నుంచి మిక్సీ తెచ్చాక ఆ గిన్నెలన్నీ అటు తిరిగాయి. గోడవతల అది గుర్రుమన్నప్పుడల్లా ఇవతల పొత్రం మరింత గట్టిగా తిరిగేది. "పచ్చడేటది, ఇనప కంపు" అనేది మొగుడితో. ఆ పచ్చడి ఆమె నాలిక మీద వేసుకున్నది లేదు.

ఒక ఉదయం కమలాదేవి నానిన మినప్పప్పు తెచ్చి నిలబడింది. "ఆడపడుచు పెళ్లి వడియాలు వదినా. రోటి పిండే కావాలని మా అత్త పట్టు పట్టింది. నాకు సేతకాదు."

"మిక్సీ ఉన్నాది కదమ్మా" అంది జగ్గమ్మ, అప్పటికే పొత్రానికి పసుపు రాస్తూ. ముత్తైదువలందరూ మళ్లీ రోలు చుట్టూ చేరారు. పిండి వెన్నలా వచ్చిందన్నారు. మిగతావాళ్లు వెళ్లాక జగ్గమ్మ కుడిభుజం నొక్కుకుంటూ, గిన్నె అందిస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"ఒసే కమలా, మీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు సెప్పు. ఓపాలి ఆ మీట నేను నొక్కి సూస్తాను."