మా ఇంటి పి.పి. నంబరు

నా గొంతు పెద్దది. గొప్పకి చెప్పుకోవడం కాదు, మా అమ్మ నన్ను తిట్టిన తిట్లలో సగం దాని గురించే. ఆడపిల్లకి ఇంత గొంతెందుకే అని విసుక్కునేది. అవసరమొచ్చినప్పుడు మాత్రం, ఏదీ ఓసారి బాల్కనీలోకెళ్ళి పిలువు అనేది. రాజధానిలో, జనక్‌పురిలో మా బ్లాకు మొత్తానికి టెలిఫోను మా ఒక్కరింట్లోనే ఉండేది మరి. డెబ్బై ఆరులో నాన్నకి ప్రమోషనొచ్చినప్పుడు ఆఫీసువాళ్ళు పెట్టించారు. ఏడాది తిరక్కుండానే అది అందరి ఫోనూ అయిపోయింది. శుభలేఖల మీదా, ఉద్యోగాల దరఖాస్తుల మీదా మా నంబరే వేసి, పక్కన పి.పి. అని రాసుకునేవాళ్ళు. అంటే, ఫోను తమది కాదు, పక్కవాళ్ళది, పిలిచిపెడతారు అని. ఆ పిలిచిపెట్టే మనిషిని నేను.

మేముండేది రెండో అంతస్తు. పిట్టగోడ మీద వంగి ఒక్క కేక పెడితే బ్లాకంతా వినపడేది. మనిషి రావడానికి వీల్లేకపోతే కబురు కూడా అక్కణ్ణుంచే చెప్పేసేదాన్ని. మీ మామాజీ రేపు దిగుతున్నాడట, మీ అమ్మాయి పాసైందట. చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్తానని నాకు పేరు. అందరికంటే ఎక్కువ ఫోన్లొచ్చేది కింది సర్దార్జీ అంకుల్ వాళ్ళకి. ఆయన రైల్వేలో రిటైరయ్యారు, కూతురు లుధియానాలో కాపురముండేది. నేను పిలిస్తే చాలు, ఆంటీ చేతికంటిన గోధుమపిండితోనే, చెప్పులైనా లేకుండా మెట్లెక్కి వచ్చేసేది. మాట్లాడ్డం అయ్యాక అమ్మ పక్కన ఇంకో అరగంట. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి పంజాబీ రాదు, ఇద్దరి హిందీ అంతంతమాత్రమే. ఏం మాట్లాడుకునేవాళ్ళో దేవుడికే తెలియాలి.

డెబ్బై ఒకటిలో, నేను మూడో తరగతిలో ఉండగా, సరిహద్దు దాటి బెంగాల్లోకి పారిపోయొచ్చిన జనం కోసం నాన్నతోపాటు సర్కారీ క్వార్టర్సన్నీ తిరిగి పాత బట్టలు పోగుచేశాను. వాళ్ళెందుకు పారిపోయొచ్చారంటే, చంపుతున్నారమ్మా అన్నాడు నాన్న. ఎందుకు చంపుతున్నారంటే జవాబు చెప్పలేదు. యూనివర్సిటీలో ఎమ్మేలో చేరగానే నేను ఒక విద్యార్థుల కమిటీలోకి వెళ్ళింది ఆ జవాబు కోసమే అనుకుంటాను. పదిమందిమి ఉండేవాళ్ళం. శనివారం శనివారం కూర్చుని, కంబోడియాలోనూ ఇంకా ఎక్కడెక్కడ ఒక జాతిని జాతిగా తుడిచిపెట్టారో అక్కడా, చంపడానికి ముందు ఏం జరిగిందో చదివేవాళ్ళం. ప్రతిచోటా ముందు మాటలే. వాళ్ళు ఇలాంటి వాళ్ళట, అలా చేశారట. ఆ ‘అట’ దగ్గరే ఆపగలిగితే మిగతాదంతా ఆగుతుందని మా నమ్మకం. మైదాపిండి జిగురు ఉడకబెట్టుకుని బస్టాపుల్లో పోస్టర్లు అంటించేవాళ్ళం. ఒకటి నేను రాసిందే, హిందీలో, ఎర్రరంగుతో: విన్నదాన్ని మోసుకెళ్ళకండి. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

కమిటీని నడిపించేది వరంగల్ నుంచొచ్చిన మా క్లాస్‌మేటు. సివిల్సుకి చదువుకుంటూ మా మేడ మీదే, బర్సాతీ అనే ఒంటిగదిలో అద్దెకుండేవాడు. నేను పది మాటలాడేలోపు అతను ఒకటి మాట్లాడేవాడు, అందరూ ఆ ఒక్కటే వినేవాళ్ళు. దానికీ నాకు కోపమే.

ఎనభై నాలుగులో ప్రధానమంత్రిని ఆవిడ సిక్కు అంగరక్షకులే కాల్చి చంపారు. మర్నాడు మధ్యాహ్నానికి మా మేడెక్కి చూస్తే ఏ దిక్కు చూసినా పొగ. సిక్కుల ఇళ్ళు, దుకాణాలు, టాక్సీలు తగలబెడుతున్నారని, మనుషుల్ని కూడా తగలబెడుతున్నారని తెలిసింది. ఎలాగైనా యూనివర్సిటీకి వెళ్ళి మన కమిటీవాళ్ళని కలుద్దామన్నాను. బస్సుల్లేవు, అంత దూరమెందుకు, ఉన్నచోటే చేద్దామన్నాడు వరంగల్ అబ్బాయి. మా బ్లాకులోకి రావాలంటే ఒకటే ఇనప గేటు. అక్కడ వంతులేసుకుని నిలబడితే చాలు, గుంపులు మనుషులు లేని చోటు చూసుకుని వెళ్తాయి అన్నది అతని ఆలోచన. ఆ సాయంత్రం ఇద్దరం ఇంటింటికీ తిరిగాం. మా బ్లాకులో సిక్కుల ఇల్లు అంకుల్ వాళ్ళదొక్కటే. వాళ్ళకోసం నిలబడదామంటే ఒక్కరు కూడా కాదనలేదు. బెంగాలీలు, మలయాళీలు, యూపీ వాళ్ళు, హాకీ కర్రో క్రికెట్ బ్యాటో ఏది దొరికితే అది పట్టుకుని వచ్చారు. జన్మలో ఫైలు తప్ప ఇంకేదీ ఎత్తని మా నాన్న దుప్పట్లు ఉతికే కర్ర పట్టుకుని నిలబడ్డాడు. నవ్వూ వచ్చింది, గర్వంగానూ అనిపించింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఫోను మోగింది. మా పైన మూడో అంతస్తులో ఉండే ఆవిడ తమ్ముడు. గొంతు వణుకుతోంది. అక్కని పిలవొద్దు, చెప్పెయ్యి చాలు అన్నాడు. సర్దార్లు నీళ్ళలో విషం కలిపారు, కుళాయి నీళ్ళు తాగొద్దని చెప్పు. పెట్టేశాడు.

నేను ఆలోచించలేదు. ఆలోచించానని రాసుకోవాలనే ఉంది, కానీ లేదు. ఎనిమిదేళ్ళ అలవాటు నన్ను తిన్నగా బాల్కనీలోకి తీసుకెళ్ళింది. పిట్టగోడ మీంచి వంగి, తల పైకెత్తి, గొంతు చించుకుని, మూడో అంతస్తు ఆవిణ్ణి పిలిచి, సర్దార్లు నీళ్ళలో విషం కలిపారట, తాగొద్దట అని అరిచాను. చెప్పింది చెప్పినట్టు.

అది నీళ్ళొచ్చే వేళ. కార్పొరేషన్ నీళ్ళు కింది తొట్టిలో నిండాక మోటారు వేసి మేడమీది ట్యాంకుకి ఎక్కించాలి. ఆ స్విచ్చి అంకుల్ వాళ్ళ గుమ్మం పక్కనే ఉంటుంది. రిటైరైనప్పట్నుంచీ, ఎవరూ అడక్కుండానే, రోజూ దాన్ని వేసేది ఆయనే. నా కేక అయిపోయాక ఆ మోటారు చప్పుడొక్కటే మిగిలింది. ఎదుటి బాల్కనీల్లోకి ఒక్కొక్కరే వచ్చారు. నా వైపు చూడలేదు. కిందికి, అంకుల్ గుమ్మం వైపు చూశారు. నా నోట్లోంచి వచ్చిందేమిటో నాకప్పుడు అర్థమైంది. కాసేపటికి మోటారు కూడా ఆగిపోయింది.

తొమ్మిదింటికల్లా గేటు దగ్గర నాన్న, వరంగల్ అబ్బాయి, ఒక ముసలి బెంగాలీ మేష్టారు తప్ప ఎవరూ లేరు. మిగతావాళ్ళు తలుపులేసుకున్నారు. మన పిల్లలకి విషం పెట్టేవాళ్ళకి మనం కాపలానా అని ఒకాయన నాన్న మొహం మీదే అన్నాడట. మార్కెట్ వైపు నుంచి అరుపులు వినిపిస్తున్నాయి. గేటు దగ్గర ముగ్గురే ఉన్నారని చూస్తే ఆ వచ్చేవాళ్ళు ఆగరు. అంకుల్నీ ఆంటీనీ ఏం చేస్తారో ఊహించుకోవడానికి నాకు పుస్తకాలు అక్కర్లేదు. మేమే చదివి చర్చించుకున్నవి కదా అవన్నీ.

నేను గేటు దగ్గరికి వెళ్ళి వరంగల్ అబ్బాయికి చెప్పాను, అరిచింది నేనేనని. అతనికి తెలుసు. తిడతాడనుకున్నాను, తిట్టినా బావుండేది. మళ్ళీ బాల్కనీలోకి వెళ్తాను, అబద్ధమని అరుస్తాను అన్నాను.

"అరిస్తె ఎవ్వరు నమ్మరు," అన్నాడు. "తాగాలె. ఒక్కొక్క ఇంటికి పోయి, వాళ్ళ నల్లా నీళ్ళే, వాళ్ళ ముంగటనే తాగాలె. ఆ మాట అన్నది నేనే, తెల్వక అన్న అని కూడ నువ్వే చెప్పాలె."

మొదట మా ఇల్లే. అమ్మ అప్పటికే బిందెలన్నీ ఖాళీచేసి బోర్లించేసింది. నేను కుళాయి తిప్పి గ్లాసు పట్టాను. విషం లేదని నాకు తెలుసని రాస్తే బావుంటుంది. తెలీదు. ఎవడో ఫోన్లో వణుకుతూ చెప్పాడు, నేను గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆపేశాను. అమ్మ ఒక్క క్షణం చూసి ఆ గ్లాసు నా చేతిలోంచి లాక్కుంది.

"నాకేమైనా అయితే నువ్వు తాగకు," అని గటగటా తాగేసింది. తాగి, మూతి తుడుచుకుని, గ్లాసు కడిగి నాకిచ్చింది. తరవాత ఎవరూ పిలవకుండానే చెప్పులేసుకుని మా వెనకాలే బయల్దేరింది.

నీళ్ళు తాగడం తేలికే. ప్రతి గుమ్మంలోనూ నిలబడి ఆ మాట అన్నది నేనే అని చెప్పడం ఉందే, దానికి చచ్చినంత పనయ్యేది. మూడో అంతస్తు ఆవిడ నా మీద విరుచుకుపడింది, నా తమ్ముడు అబద్ధాలకోరా అని. కాదు ఆంటీ, ఆయనకెవరో చెప్పారు, ఆయన నాకు చెప్పాడు, నేను వీధికి చెప్పాను అన్నాను. మలయాళీ వాళ్ళింట్లో ముందురోజు పట్టిపెట్టుకున్న నీళ్ళివ్వబోయారు. వద్దు, కుళాయివే కావాలన్నాం. ఒకరు తలుపే తియ్యలేదు. ఐదో ఇంటికి నా కడుపు కుండలా అయింది. ఆరో ఇంట్లో వరంగల్ అబ్బాయి సిగ్గు విడిచి బాత్‌రూమెక్కడని అడిగాడు. మేమెప్పుడు పడిపోతామో చూద్దామని కొందరు మా వెనకాలే తిరగడం మొదలెట్టారు. ఎంతసేపటికీ పడిపోకపోయేసరికి కొంచెం సిగ్గుపడి, బ్యాట్లు తెచ్చుకుని గేటు దగ్గరికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం గుంపు వచ్చింది. ఇనప చువ్వలు, కిరసనాయిల్ డబ్బాలు. గేటుకి అవతల నిలబడి, సర్దార్ ఇల్లు ఏది అని అడిగారు. అప్పటికి ఇవతల ముప్ఫై మందికి పైగా ఉన్నాం. ఇక్కడెవరూ లేరు, వెళ్ళండి అన్నాడు నాన్న. ఆయన గొంతు మామూలుగానే చిన్నది, ఆ రోజు మరీ చిన్నగా ఉంది. అయినా వినపడింది. వాళ్ళు కాసేపు మమ్మల్ని లెక్కపెడుతున్నట్టు చూసి వెళ్ళిపోయారు. రెండు వీధుల అవతల ఒక ఇల్లు కాలిపోయింది. అక్కడ గేటు దగ్గర ఎవరూ నిలబడలేదు. అక్కడికి వెళ్ళి చెప్పాలని మా ఎవరికీ తట్టలేదు.

సాయంత్రానికి ఒక్క ఇల్లు మిగిలింది. కావాలనే చివరికి ఉంచాను, ముఖం చెల్లక. అమ్మ తలుపు తట్టి, బెహన్‌జీ, మేమే అంది. చాలాసేపటికి గడియ తీశారు. కిటికీలన్నీ మూసుకుని చీకట్లో కూర్చున్నారు. అంకుల్ మంచం మీద ఉన్నారు. ఈ నాలుగు రోజులూ మా ఇంట్లో ఉండండి అని అమ్మ తనకొచ్చిన హిందీలో చెప్తుంటే, ఆంటీ ఎప్పటిలాగే లోపలికెళ్ళి, పళ్ళెంలో గ్లాసు పెట్టుకుని నీళ్ళు తెచ్చింది. ఇంకొక్క గుక్క దిగేలా లేదు నాకు. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాను.

"అందరిళ్ళలోనూ తాగావట కదా బేటీ," అంది ఆంటీ. "మా ఇంట్లో తాగవా?"

తాగాను. ఆంటీ, పొద్దున్న అరిచింది నేనే అన్నాను.

"నీ గొంతు మాకు తెలీదా? ఇన్నేళ్ళూ ఆ గొంతు వినపడితే తలుపు తీసుకుని పరిగెత్తాను. ఇవాళ వినగానే తలుపు గడియ పెట్టుకున్నాను." కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు పొద్దున్న మా ముందుగదిలో అంకుల్ మేలుకునే ఉన్నారు. నీళ్ళొచ్చే వేళయింది. ఆయన కదల్లేదు. అమ్మ వచ్చి, భాయ్‌సాబ్, మోటారు అంది. ఆయన నాన్న వైపు చూశారు, నాన్న తలూపాడు, ఇద్దరూ కలిసి మెట్లు దిగారు. మోటారు చప్పుడు మొదలయ్యేదాకా నేను చెవి అటే పెట్టుకుని కూర్చున్నాను. బ్లాకులో ఇంకెంతమంది అలా కూర్చున్నారో.

వాళ్ళు ఇంకో ఏడాదే ఉన్నారు ఆ ఇంట్లో. తరవాత అమ్మేసి లుధియానా వెళ్ళిపోయారు. ఆ ఏడాదంతా వాళ్ళకి ఫోనొస్తే నేను మెట్లు దిగి వెళ్ళి, తలుపు తట్టి, ఆంటీ, నేనే అని చెప్పేదాన్ని. గడియ తీసేదాకా ఆగేదాన్ని. ఫాల్గుణం చివర్లో అనుకుంటా, మనవడు పుట్టాడని కూతురు ఫోను చేసింది. ఆంటీ మాట్లాడి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఎందుకు బేటీ ప్రతిసారీ కిందికి దిగుతావు? పైనుంచే పిలువు. మునుపటిలాగే."

రెండ్రోజులకి మళ్ళీ ఫోనొచ్చింది. నేను బాల్కనీలోకి వెళ్ళాను. పిట్టగోడ పట్టుకుని వంగాను. కింద ఆంటీ తలుపు ఓరగా తెరిచే ఉంది. నోరు తెరిచాను, గొంతు రాలేదు. లైన్లో కూతురు ఎదురుచూస్తోంది. నేను చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళి, ఆ తెరిచున్న తలుపే తట్టి, ఆంటీ, నేనే అన్నాను.