మునెన్న పని మానేసినోడు, పని పోయినోడు కాదు

నిన్న పొద్దున షిఫ్ట్ బస్సెక్కి కూచున్నా. ఫోన్ తీస్తే గ్రూపులో మునెన్న ఫోటో. కింద హార్ట్ అటాక్ అని.

నమ్మలా. ఆయన నంబరుకే కొట్టినా.

రేవతక్క ఎత్తింది. ఏడుపు తప్ప ఏమీ వినపడలా.

బస్సు దిగేసినా.

తెలియనోళ్ళకు చెప్తా. మునెన్న కాట్టుపల్లి షిప్‌యార్డులో నాకు వెల్డింగ్ నేర్పించిన సీనియర్. పొదటూరుపేట మగ్గాల ఇంటి బిడ్డ. రేవతక్క ఆయన పెళ్ళాం.

పోయినేడు, నలభై మూడేళ్ళకే, రాజీనామా పేపర్ వేసేసి ఇంటికొచ్చేసినాడు. రిటైర్మెంట్! ఒక కాంట్రాక్ట్ కూలీ! యాడన్నా విన్నారా?

పద్దెనిమిదేళ్ళ ప్లాన్ అది. బోనస్ వస్తే మాకు కొత్త బండి, కొత్త ఫోన్. ఆయనకు అదే పాత సైకిల్, నెలనెలా తప్పకుండా ఫండులో కట్టే డబ్బు. పిసినారి అని ఎగతాళి చేసినాము.

నేను కూడా. సిగ్గుగా ఉంది.

అసలు కామెడీ ఆ తర్వాత. రేవతక్క తప్ప ఇంట్లో ఒక్కరూ నమ్మలా. కంపెనీ తరిమేసింది, పరువు కోసం రిటైర్ అంటా ఉన్నాడు అనుకున్నారు. వాళ్ళత్త అయితే అల్లుడికి మళ్ళా వేలై, అదే పని, దొరకాలని తిరుత్తణి మురుగనికి ఆయన తల మొట్ట కొట్టిస్తానని మొక్కేసింది. మొక్కు తీరేదాకా ఆగలా! ముందే కొట్టిస్తే సామి తొందరగా చూస్తాడంట!

నేనూ తోడు పోయినా.

మెట్లన్నీ నవ్వుకుంటా ఎక్కినాడు. "రేయ్, ఏడాదికి ఎన్ని దినాలో అన్ని మెట్లు రా ఇవి. ఇంక అన్ని దినాలూ నావే!"

గుండు కొట్టించుకోని, గంధం పూసుకోని, సామి ముందర నిలబడి గట్టిగా అనేసినాడు.

"మురుగా, మా అత్త అడిగింది మాత్రం ఇయ్యద్దు సామీ!"

క్యూ మొత్తం పగలబడి నవ్వింది. అత్త మూడు దినాలు మాట్లాడలా.

ఆ ఏడాది ఎట్లా బతికినాడో చూడాలబ్బా! ఎండ ఎక్కేదాకా నిద్ర. వాళ్ళ నాయన మగ్గం మీద తనకు నచ్చిన రంగుల్లో లుంగీలు. నాకూ ఒకటిచ్చినాడు, పచ్చా ఎరుపూ, కళ్ళు పోతాయి. అదే కట్టుకోని రాస్తా ఉండా.

ఒక్క ఏడాదేనా అని మాత్రం నా దగ్గర అనద్దండి. నాకు ఒళ్ళు మండుతుంది.

నిన్న చావింట్లో ఒక మామ అననే అన్నాడు. "సంపాదించే వయసులో సుమ్మా ఊరికే కూచున్నాడు, పావం. ఇంక రేవతి అరవై దాకా బట్టల కంపెనీకి పోవాల్సిందే."

నేను లేవబోయినా. నాకన్నా ముందు అక్క లేచింది.

"మామా, ఆయన ప్లాన్ వేసింది ఇద్దరికీ. ఆయన లేకున్నా నాకు నెల గడిచేటట్టే వేసినాడు. ఈ దీపావళికి నేను మానెయ్యాల్సింది. దీపావళిదాకా కూడా ఆగను. కర్మ అయిన మర్నాడే పేపర్ వేస్తా. ఏం, ఆపుతావా?"

మామ తువ్వాలు దులుపుకోని బయటికి పోయినాడు.

చావిల్లని తెలిసి కూడా నాకు విజిల్ కొట్టాలనిపించింది.

పోయిరా మునెన్నా. షిఫ్ట్ సైరన్ మోగని చోట నిమ్మళంగా పడుకో.